వెచ్చటి సీసా

"వచ్చిందా?"

"రాలేదమ్మా."

"కుళాయి తిప్పు. ఆ చప్పుడుకి వస్తుంది."

"తిప్పాను. దానికే వస్తోంది, నాకు రావట్లేదు."

స్నానాలగది తలుపు బయట కాజాలమ్మ గోడకు చేరబడింది. దర్జీలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆవిడకు ఆ పేరే మిగిలింది. రెండు వీధుల అవతలున్న తన గదిలోంచి తెల్లవారగానే వచ్చి కూర్చుంది. లోపలున్నది తాళాలు బాగుచేసే ఆయన. ఎంత మొండి తాళమైనా చిటికెలో తీసే మనిషి, ఇవాళ తన తాళం తనే తీసుకోలేకపోతున్నాడు.

"లేవగానే ఒకసారి వచ్చింది కదత్తయ్యా, అదే పట్టేస్తే ఈ బాధ ఉండేది కాదు," అంది తాళాలాయన భార్య వంటింట్లోంచి.

"పోయిన వారం నువ్వు చేసిన నిర్వాకం అదేగా తల్లీ! రాత్రంతా లోపల నిలవుంటే కణాలు నాని పాడైపోతాయిట. మొదటిది పారబోసి రెండోసారి వచ్చింది పట్టాలని ల్యాబువాళ్ళు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఒక్క ముక్కయినా చెవిన పెట్టావా?"

ఆ సీసాని ల్యాబువాళ్ళు పనికిరాదని పారబోశారు. వారం గంగలో కలిసింది. అంతకుముందు పరీక్షలో ఆయన మూత్రంలో ఏవో తేడా కణాలు కనిపించాయి. డాక్టరమ్మ మొన్న కుండబద్దలు కొట్టేసింది. "కణాలు మళ్ళీ చూడందే మందు మార్చలేను. ఇంకా నాన్చారంటే ఆ కిడ్నీ దక్కదు. శనివారం మధ్యాహ్నంలోగా సీసా ల్యాబులో ఉండాలి."

ఇవాళ శనివారం.

ఆ మాట విన్నప్పటి నుంచి కాజాలమ్మకు ముద్ద దిగడం లేదు. నిన్న చొక్కా పట్టీ మీద వేయాల్సిన కాజా జేబు మీద వేసి దర్జీతో చీవాట్లు తింది.

ఆవిడ తలుపు మీద దబదబా బాదింది. "షాపులో నీళ్ళు తాగమంటే తాగవు!"

"అక్కడ వెళ్ళడానికి చోటు లేదమ్మా!"

"పక్క హోటలాయన్ని నేను బతిమాలతా. నీ సిగ్గు కోసం దాన్ని ఎండబెట్టి చంపుతావా?"

"నా ఒళ్ళు నా ఇష్టం కాదా?"

"నీ ఒక్కడిదే అయితే నీ ఇష్టమే!"

కాసేపటికి కుళాయి చప్పుడులో ఇంకో చప్పుడు కలిసింది.

"ముందు కాస్త వదిలెయ్! మధ్యలోది పట్టు!" అరిచింది కాజాలమ్మ. వంటింట్లో భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తలుపు సందులోంచి సీసా వచ్చింది. కాజాలమ్మ రెండు చేతులా అందుకుంది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మూత బిగించి, సంచిలో పెట్టి, సంచికి కొంగు చుట్టి కడుపుకి అదుముకుని బస్సెక్కింది.

ల్యాబు మూసెయ్యడానికి ఇంకో గంటే ఉంది. బస్సు నాలుగు వీధులు దాటి కూడలి దగ్గర ఆగిపోయింది. ముందంతా బళ్ళే. ఆ కూడలి వస్తే ఆవిడ ఎప్పుడూ తల పక్కకు తిప్పుకుంటుంది. ఇవాళ బస్సు పోయిపోయి సరిగ్గా అక్కడే ఆగింది.

"ఏంటవ్వా, అంత పదిలంగా పట్టుకున్నావు? తేనా?" అన్నాడు పక్కసీటాయన.

"తేనైతే ఒలికినా పోనీ అనుకుందును నాయనా."

ఇక ఆగలేక దిగేసింది. నేల చూడకుండా కూడలి దాటింది. నడక పరుగైంది. కాలికి రాయి తగిలి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది, చెప్పు తెగింది. సంచి మాత్రం నేలకు తగల్లేదు. చెయ్యి పైకెత్తే పడింది మహాతల్లి.

తెగిన చెప్పు అక్కడే వదిలేసి, కుంటుకుంటూ వెళ్ళేసరికి ల్యాబు కిటికీ సగం మూసేశారు.

"టైమైపోయిందమ్మా. సోమవారం రండి."

"సోమవారానికి ఇంకేం మిగలదు నాయనా! నీ కాళ్ళు పట్టుకుంటా. చూడు, ముట్టుకుని చూడు, ఇంకా వెచ్చగానే ఉంది!"

ల్యాబు మనిషి ఆవిడ చీర మీద రక్తపు మరక చూశాడు. సీసా అందుకున్నాడు. నిజమే, వెచ్చగానే ఉంది. కిటికీ మళ్ళీ తెరిచాడు.

"పేరు మూత మీద రాశారేంటమ్మా? లోపల మూత తీసి పక్కన పెడతాం. మూత మారితే మనిషే మారిపోతాడు." సీసాకి కాగితం అంటించి, పేరు వేసి లోపలికి పంపించాడు. "ముందు ఇదే చూస్తారులెండి. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. సీసా తలుపు దాటేదాకా దానివైపే చూసింది. "జాగ్రత్త తల్లీ," అంది. ఎవరితో అందో అతనికి అర్థం కాలేదు.

"ఇంత తాపత్రయపడుతున్నారు... కన్నకొడుకా అమ్మా?"

"ఆయన నాకేమీ కాడు నాయనా, ఆయన ఒంట్లో ఉన్నది మాత్రం నిరుడు కూడలిలో లారీ గుద్ది పోయిన నా కూతురి కిడ్నీ."