రమ్ము మాస్టారి ముక్కు

నాలుగు గ్లాసులూ వరసగా పెట్టి, "ఇక కానివ్వండి" అన్నాడు బారు యజమాని. రమ్ము మాస్టారు మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ తగల్లేదు. రెండోది పీల్చాడు. అదీ అంతే. పదిహేను రోజుల కిందట పట్టిన జలుబు తగ్గిపోయింది గానీ, పోతూపోతూ వాసననీ రుచినీ కూడా మూటగట్టుకుపోయింది.

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. పత్రికలో ప్రూఫ్ రీడరు. ఆదివారం సంచికలో 'చవక చుక్క' అనే శీర్షిక రాస్తాడు. సోడా, కూల్‌డ్రింకు కలపకుండా మెల్లగా చప్పరించడానికి, తక్కువ ధర రమ్ముల్లో ఏది మేలో చెప్పడం ఆ శీర్షిక పని. "ఈయన నిజంగా తాగి రాస్తున్నాడా, సీసా మీది కాగితం చదివి రాస్తున్నాడా?" అని ఈమధ్య ఉత్తరాలు ఎక్కువయ్యాయి. అందుకే, మధ్యాహ్నం పూట బారు ఇంకా తెరవకముందే, ఎడిటరు ఈ పరీక్ష పెట్టాడు. ఏ గ్లాసులో ఏ రమ్ముందో యజమానికి తప్ప ఎవరికీ తెలీదు.

"పదికి మీరు వేసే మార్కులూ, ఈ పెద్దాయన వేసే మార్కులూ దగ్గరగా ఉంటే సరి. లేదంటే వచ్చే వారం నుంచి ఆ జాగాలో గళ్ళనుడికట్టు వేసేస్తా," అన్నాడు ఎడిటరు మొహమాటం లేకుండా.

పెద్దాయన బల్లకి అవతల కూర్చున్నాడు. టీ కంపెనీలో నలభై ఏళ్ళు రుచి చూసి రిటైరైన మనిషి. ఒక్క గుక్క నోట్లో తిప్పి, ఆకు ఏ నెలలో కోశారో చెప్పేవాడని పేరు.

పొద్దున్నే ఇంట్లో భార్య అననే అంది. "స్టవ్వు మీద పాలు మాడి వీధంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు. ఆ ముక్కేసుకుని ఏం తీర్పు చెబుతారండీ?"

"అనుభవం మీద లాక్కొస్తాలే," అన్నాడు మాస్టారు. ఇప్పుడు ఆ అనుభవం ఎక్కడ దాక్కుందో కనబడటం లేదు.

"మీరే ముందు మొదలెట్టండి మాస్టారూ," అన్నాడు పెద్దాయన మర్యాదగా.

మాస్టారు మొదటి గ్లాసు ఒక గుటకేశాడు. గొంతు మండింది. అంతకుమించి వేడినీళ్ళకీ దానికీ తేడా తెలియలేదు. అయినా ఊరుకుంటే అనుమానమొస్తుందని మొహం కాస్త చిట్లించి, "ఊఁ..." అన్నాడు. పెద్దాయన కూడా చప్పరించి, కాగితం మీద పెన్సిలుతో ఏదో రాశాడు.

అప్పుడు మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. తలకిందులుగా ఉన్న రాత చదవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఎడిటరు బల్ల మీది సెలవు చీటీలన్నీ ఎదుటి కుర్చీలోంచే చదివేసేవాడు. పెద్దాయన వేసింది నాలుగు. మాస్టారు నాలుగున్నర వేశాడు. మరీ అచ్చుగుద్దినట్టుంటే బాగోదు కదా!

రెండో గ్లాసుకి తల అటూ ఇటూ ఊపాడు. పెద్దాయన ఆరు వేశాడు. మాస్టారూ ఆరే వేశాడు. మూడోదానికి నటన కాస్త మార్చాలనిపించి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కళ్ళు తెరిచేసరికి పెద్దాయన కాగితం మీద తొమ్మిది మెరుస్తోంది. "అమ్మో, ఇది మంచి సరుకన్నమాట," అనుకుని ఎనిమిదిన్నర వేశాడు. నాలుగోదానికి పెదవి విరిచాడు. మూడు, మూడు.

పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దిన మనిషి, ఈ వయసులో ఎదుటివాడి కాగితంలోకి తొంగి చూస్తున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ ఆ శీర్షిక కింద తప్ప తన పేరు అచ్చయ్యే చోటు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. అది పోతే తను మళ్ళీ ఉత్త ప్రూఫ్ రీడరే.

ఎడిటరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఇద్దరూ భలే కలిశారే! మాస్టారూ, మిమ్మల్ని అనుమానించినందుకు ఏమీ అనుకోకండి."

"మూడోది ఎలా ఉందో రెండు ముక్కలు చెప్పండి సార్, బోర్డు మీద రాయిస్తాను," అన్నాడు యజమాని.

"ఎండు ద్రాక్ష... మాడీ మాడని చక్కెర... వెనకాల ఎక్కడో పాత చెక్కపెట్టె," అన్నాడు మాస్టారు. నోరు ఒకసారి మొదలైతే ఆగదు. పెద్దాయన గంభీరంగా తలూపాడు.

బయట మెట్ల దగ్గర మాస్టారికి మనసాగలేదు. అంతటి మనిషిని మోసం చేశానన్న బాధ తొలిచేస్తోంది. ఎడిటరు వెళ్ళిపోయేదాకా ఆగి, "సార్, మీకో నిజం చెప్పాలి..." అని మొదలెట్టాడు.

పెద్దాయన ఆ మాట వినిపించుకోలేదు. చుట్టూ చూసి, మాస్టారి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"నన్ను బతికించావయ్యా మాస్టారూ! ముక్కుకి ఆపరేషనైన దగ్గర్నుంచీ నాకు వాసనా లేదు, రుచీ లేదు, నీ మొహం చూసే మార్కులన్నీ వేశాను!"