సిమెంటు లేని రాళ్లు

సైటు నుంచి ఇప్పుడే వచ్చిన ఫొటో చూసి సౌజన్యకు ఒళ్లు మండింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలోని వాననీళ్లు బయటికి పోయే కాలువకు మాదాపూర్ ఆఫీసులో కూర్చుని డిజైన్ చేసింది తనే. నీళ్ల వేగానికి మట్టి కోసుకుపోకుండా, కాలువ వాగులో కలిసే చివర ఇద్దరు పడితే గానీ లేవని రాళ్లు పరవమంది. ఫొటోలో ఒక్క రాయీ లేదు. రెండు రోజుల వానకు కాలువ నీళ్లు నేరుగా తగిలి, వాగు ఎదురొడ్డు విరిగి పడుతోంది.

కాంట్రాక్టర్ రాళ్లే వేయలేదని పైవాళ్లకు మెయిల్ రాసింది. పంపబోతూ, ఆఫీసు కారు డ్రైవర్ ఓదెలుది ఆ గని పక్క ఊరేనని గుర్తొచ్చి పిలిచి అడిగింది.

"వేసిండ్రు మేడం, నేను చూసిన. సిమెంటు పెట్టకుండ ఊకెనే పేర్చిండ్రు."

నేల కుంగినా సర్దుకుంటాయని సిమెంటు వద్దన్నది ఆమే.

"మరి ఏమయ్యాయి?"

ఓదెలు నసిగాడు. "ఊరోళ్లం తలా ఇన్ని తెచ్చుకున్నం. మా కొత్తింటి పునాది మొత్తం ఆ రాళ్లే. ఎంత వానొచ్చినా ఫికర్ లేదు."

"ఇల్లెక్కడ?"

"కాలువకు ఎదురుంగ, వాగు ఒడ్డు మీదనే. రాళ్లు మోసుడు అల్కగైతదని ఆడనే కట్టిన."

సౌజన్య మెయిల్ వదిలేసి, విరిగి పడుతున్న ఆ ఒడ్డు ఫొటో మళ్లీ తెరిచింది.

"ఓదెలూ, ముందు ఇంటికి ఫోన్ చెయ్యి."