తుప్పుకు ముహూర్తం

“కెమెరా లోపల పెట్టండి సార్. కాలు బయట పెట్టండి.”

వాచ్‌మన్ మునివెంకటప్ప గేటుకు అడ్డంగా లాఠీ చాపాడు. పేరు చెప్పుకుని లోపలికి అడుగేసిన చక్రధర్ కాలు బయటికొచ్చింది గానీ, కళ్ళు మాత్రం మూతబడ్డ ఆ చక్కెర ఫ్యాక్టరీ లోపలే ఉండిపోయాయి. లోపల చెరకు గానుగ పక్కన రెండాళ్ళ ఎత్తు పళ్ళచక్రం. దాని తుప్పు మీద పొద్దుటెండ పడి లేతపాకంలా మెరుస్తోంది. ఆదివారం తిరుపతిలో అతని ఫొటోల ప్రదర్శన. గోడ నడిమధ్యన ఖాళీ వదిలింది ఈ చక్రం కోసమే. ఈ పూటే దాన్ని కోసి పాత ఇనుము కింద తోలేస్తున్నారు. ఇప్పుడు తీయకపోతే ఇంక తీయడానికేమీ మిగలదు. మునివెంకటప్పకు కాపలా కాసి జీతం తీసుకోవడానికీ ఏమీ మిగలదు.

“తుప్పును తీయడం తప్పా, అప్పా?”

“తుప్పు తప్పు గాదు సార్, గేటు దాటేదే తప్పు. చిన్నబ్బ మేస్త్రి మనుషులు పూజ చేసి టిఫినుకు పోయినారు. ముహూర్తానికి గ్యాసు కట్టర్లతో వస్తారు. వాళ్ళ కంటబడితే చక్రంతో పాటు చక్రధర్‌ను గూడా తూకానికేస్తారు.”

“వాళ్ళు ఇడ్లీ మింగేలోగా నేను క్లిక్కుమనిపిస్తా.”

మునివెంకటప్ప రోడ్డు ఆ కొసకూ ఈ కొసకూ చూశాడు. లాఠీ దించాడు. “బిరీన కానీండి.”

చక్రధర్ చక్రం ముందు మోకరిల్లాడు. పేరులోనే చక్రం పెట్టుకున్నవాడు మరి, ఆ మాత్రం భక్తి లేకపోతే ఎలా? లెన్సు బిగించి చూస్తే ఎండ, నీడ, తుప్పు అన్నీ అమరాయి. మధ్యలో ఒక ప్రమిద, అందులో దీపం, పక్కన టెంకాయ, కుంకుమద్దిన నిమ్మకాయ.

“దీపం పడితే ఫొటో గుడి మాదిరి వస్తాదేమో సార్,” అని వెనక నుంచి నసిగాడు మునివెంకటప్ప.

నిజమే. తనకు కావలసింది గుడి కాదు, గానుగ. చక్రధర్ ప్రమిదను రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి పగిలిన కిటికీ కింద పెట్టాడు. ఒక క్లిక్కు. ఇంకో క్లిక్కు. అంతలో కిటికీలోంచి విసురుగా గాలి. దీపం కొండెక్కింది.

తిరుపతిలో కొండెక్కినవాళ్ళు గుండు కొట్టించుకునైనా దిగొస్తారు. దీపం దిగిరాదు. చక్రధర్ అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటూ ఉండగానే వాకిట్లో ట్రాక్టరు ఆగింది.

చిన్నబ్బ మేస్త్రి మనుషుల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. ప్రమిదను చూశాడు. నల్లబడ్డ వత్తిని చూశాడు.

“ఎవుర్రా దీన్ని కదిలించింది?”

నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నది అక్కడ నిమ్మకాయ ఒక్కటే. మిగతా అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

“నేనే. ఫొటోకు అడ్డమని... మళ్ళీ వెలిగిస్తా,” అన్నాడు చక్రధర్.

“నువ్వు వెలగబెట్టింది చాల్లే.” మేస్త్రి కెమెరా పట్టీ పట్టి లాగాడు. పట్టీతో పాటు మెడా వచ్చింది. “పోయిన నెల ఇంకొకడు ఇట్లనే కెమెరా ఏసుకోని వచ్చి టెంకాయను తన్నేసినాడు. పని నిలిచిపోయింది. ఈ పొద్దు నువ్వు.”

“మేం ముట్టం మేస్త్రీ,” అన్నాడు వెనక ఒకడు, గ్యాసు సిలిండరు కిందికి దించేస్తూ. “రేణిగుంట కాడ దీపం ఆరినా లెక్కజెయ్యక కట్టరు పెట్టినోడు కాలిరిగి ఇంకా పుత్తూరు కట్టుతో మంచంలో ఉండాడు.”

“ఇంక బుధవారం దాకా మంచిరోజు లేదు గదరా,” అని పళ్ళు నూరాడు మేస్త్రి. కెమెరాను మెడలోంచి లాగేసి గానుగ రోలరు మీద పెట్టాడు. చక్రధర్ సుత్తి కొట్టడం మొదలుపెట్టకముందే మేస్త్రి సుత్తి ఎత్తాడు.

చక్రధర్ కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం గోడ మీది ఖాళీ, ఖాళీగానే కనిపించింది.

“ఆగు మేస్త్రీ!” మునివెంకటప్ప లాఠీ ఊపుతూ మధ్యలో దూరాడు. “పగలగొడితే కేసు మన మీదికే వస్తాది. గోడ దూకొచ్చిన దొంగ వీడు. స్టేషన్లో అప్పజెప్తా.”

“గోడా?” అన్నాడు చక్రధర్.

“నోరుముయ్యి.” లాఠీ చెవి పక్కనుంచి గాలి కోసుకుంటూ పోయింది. మునివెంకటప్ప లాఠీని చంకన పెట్టి, ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో కాలరు పట్టుకుని, తిట్టిన తిట్టు తిట్టకుండా గేటు దాకా ఈడ్చుకొచ్చాడు. మలుపు తిరిగి గోడ చాటుకు రాగానే కాలరు వదిలాడు. చక్రధర్ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

దెబ్బ పడలేదు. మెడలో కెమెరా పడింది.

లోపల సిలిండర్లు మళ్ళీ ట్రాక్టరెక్కుతున్న చప్పుడు. మునివెంకటప్ప అది ఆగిందాకా విన్నాడు. నలిగిన కాలరును మెల్లగా సర్దాడు.

“మిమ్మల్ని వాళ్ళింక గుర్తుపడతారు. బుధవారానికి, మీకు తెలిసిన ఇంకో ఫొటోగ్రాఫరు ఎవరన్నా ఉంటే నంబరియ్యండి సార్.”