పన్నెండు రోజుల గడువు

కొత్తపేటలో ఆ కాన్వెంటు గేటు దగ్గర వాచ్‌మన్ నాగదుర్గని మళ్ళీ ఆపేశాడు.

"రోజూ చెబుతున్నానమ్మా. మీరిక్కడ నిలబడకూడదంట. సూర్యావతిగారు హెడ్‌మాస్టారికి కాయితం ఇచ్చేరు."

"లోపలికి రానయ్యా. రోడ్డు మీంచే చూసి పోతాను."

బడి విడిచారు. రెండో తరగతి చదివే తులసి బయటికి వచ్చింది. నాగదుర్గని చూసింది. ఎవరో అనుకుని ఆటో ఎక్కేసింది.

నాగదుర్గ వెళ్ళి ఎదురుగా ఉన్న కొబ్బరిబొండాల బండి పక్కన బల్ల మీద కూలబడింది.

అప్పటికే అక్కడ కూర్చున్న పెద్దాయన కాస్త జరిగి చోటిచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. మూడు రోజులుగా ఆయన్ని అక్కడే చూస్తోంది. మనవడి కోసం వచ్చే తాతగారనుకుంది.

"ఆ పాప మీకేమవుతుందమ్మా?"

"కూతురండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడగనందుకే కాబోలు, ఆమె చెప్పేసింది.

"మా ఆయన లారీ యాక్సిడెంట్లో పోయేరండి. అప్పటికి దానికి రెండేళ్ళు. మా ఆడపడుచు సూర్యావతి దగ్గర ఉంచి మస్కట్ వెళ్ళేను. ఆవిడకి పిల్లల్లేరు. నేను బిడ్డని వదిలేశానని కోర్టులో వేసింది. లాయరుగారికి అక్కణ్ణుంచే సంతకాలు పంపించేనండి. అయిదేళ్ళకి సెలవు దొరికి వచ్చేసరికి తీర్పు అయిపోయింది. దాని మీద నాకింక హక్కు లేదంటండి."

"ఏం చూసి అలా రాశారు?"

"పిల్లని ఇచ్చేస్తున్నానని నేను సంతకం పెట్టిన కాయితం ఉందంటండి. నేను పెట్టలేదండి. ఆ జడ్జీగారికి నా మొహం తెలీదు, నా గొంతు తెలీదు. ఒక్క కాయితం చూసి నా బిడ్డని నాక్కాకుండా చేసేడు. ఈ కడుపుకోత ఆయనకీ తెలియాలండి."

పెద్దాయన గొడుగు పిడి పట్టుకుని తల వంచుకున్నారు. బొండాలు కొట్టేవాడు వచ్చినవాళ్ళకి కొట్టిచ్చి పంపేశాక తలెత్తారు.

"అప్పీలు వెయ్యలేదా?"

"హైకోర్టుకి వెళ్ళాలంటండి. లాభం ఉండదన్నారు లాయరుగారు. గడువు కూడా పన్నెండు రోజులే ఉందంట."

ఆమె సంచిలోంచి తీర్పు కాపీ తీసింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి ఒక వరస మీద వేలు పెట్టారు.

"ఆ కాగితం మీద తేదీ తొంభై ఎనిమిది జూన్ పంతొమ్మిది. మీరు విమానం ఎక్కిందెప్పుడు?"

"ఆ నెల్లోనేనండి. తేదీ గుర్తు లేదు."

"పాస్‌పోర్టు?"

"పి.గన్నవరంలో మా ఇంటి దగ్గరుందండి."

"రేపు తీసుకురండి."

మర్నాడు ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పాస్‌పోర్టులో ముద్ర చూశారు.

"పదకొండున బొంబాయిలో విమానం ఎక్కిన మనిషి పంతొమ్మిదిన కొత్తపేటలో సంతకం ఎలా పెడుతుంది?"

నాగదుర్గ పాస్‌పోర్టు తీసుకుని ఆ ముద్ర చూసింది.

"ఇదెవరూ చూడలేదాండి?"

"పాస్‌పోర్టు కోర్టుకే రాలేదు. కానీ ఆ రోజు మీరెక్కడున్నారని అడగాల్సిందమ్మా. అడగకుండా రాసేశారు."

బల్ల మీదే కూర్చుని తెల్లకాగితం నిండా ఇంగ్లీషులో రాసిచ్చారు.

"మీ లాయరుకి ఇవ్వండి. గడువు దాటనివ్వకండి."

"తమరి పేరండి?"

"పేరుతో పనిలేదమ్మా."

ఆ సాయంత్రమే అమలాపురంలో లాయరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఆ కాగితం చదివారు. సగంలోనే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇదెవరిచ్చారు?"

"బడి దగ్గరొక తాతగారండి."

ఆయన మళ్ళీ మొదట్నుంచి చదివి మడిచి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇంకెవరికీ చెప్పకండి. అప్పీలు వేద్దాం."

ఏడాదిన్నర పట్టింది. సంతకం దొంగదని తేలింది. హైకోర్టు కింది తీర్పు కొట్టేసింది.

తులసి ఇంటికొచ్చింది గాని, తల్లి దగ్గరికి రాలేదు. మొదటి వారం అన్నం ముందు కూర్చుని అత్తమ్మ కావాలని ఏడ్చింది. నాగదుర్గ తిట్టలేదు. ఆదివారం తనే సూర్యావతి ఇంటికి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, వెంటబెట్టుకొచ్చింది. నెల తిరిగాక ఒకరోజు ఆ పిల్ల దువ్వెన పట్టుకొచ్చి, "అమ్మా, జడ" అంది.

ఆ మాట ఆ పెద్దాయనకి చెప్పాలనిపించింది నాగదుర్గకి. పిల్లని తీసుకుని వరసగా మూడు రోజులు కొత్తపేట వెళ్ళింది. ఆయన కనబడలేదు. బొండాల బండివాడు చూసి చాలా కాలమైందన్నాడు.

అమలాపురం వెళ్ళి లాయరు గారిని అడిగింది.

"ఆ తాతగారు మీకు తెలుసాండి?"

"చేతిరాతని బట్టి ఆ రోజే తెలిసిందమ్మా. కేసు నడుస్తుండగా చెప్పకూడదని ఊరుకున్నాను. పోయిన వారమే రాజమండ్రిలో కాలం చేశారు."

నాగదుర్గ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"మనం గెలిచినట్టు ఆయనకి తెలుసాండి?"

"నేనే ఫోన్ చేసి చెప్పాను. పిల్ల తల్లిని గుర్తుపట్టిందా అని అడిగారు."

"ఒక్కసారి దణ్ణం పెట్టుకోలేకపోయేనండి. ఆ బడిలో ఆయన మనవలెవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళనైనా చూసొస్తాను."

"అక్కడ ఆయన మనవలెవరూ లేరు. మీ పాప ఎలా ఉందో చూడ్డానికే వచ్చేవారు."

"మా పాపనా? ఎవరండి ఆయన?"

లాయరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తులసి మీద మీకు హక్కు లేదని తీర్పు రాసి, ఆ నెలాఖరునే రిటైరైన జడ్జీగారమ్మా."