నడక పరీక్షకు బూట్లు

"ఇది గూడ చిటికెనవేలు కాడ ఒత్తుతాంది," అంటూ నాగులమ్మ బూటు విప్పి పక్కన పెట్టింది.

హాలియా మెయిన్ రోడ్డు మీది విజేందర్ చెప్పుల దుకాణంలో అప్పటికే ఖాళీ డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. తల్లీబిడ్డలు వచ్చి చాలాసేపయింది. బిడ్డ పేరు కోమల, నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. వస్తూనే సంగతి చెప్పింది. అటవీశాఖ కొలువుకు రాతపరీక్ష గట్టెక్కింది, ఇక నడక పరీక్ష మిగిలింది. గడువులోపల అంత దూరమూ నడిచి తీరాలి. పాదాలేమో వెడల్పు, పైగా ఒకటే చెమట.

"పోయినసారి సగం దూరంలనే బొబ్బలు పగిలినయన్నా. బూట్లు చేతవట్టుకొని నడిచినా టైం దాటిపోయింది. గిదే ఆఖరుసారి," అంది కోమల.

ఆఖరుసారి ఎందుకో విజేందర్ అడగలేదు. ఈసారి కొలువు రాకపోతే పిల్లకు పెళ్లి చేసేస్తారు కాబోలు అనుకున్నాడు. అతని చెల్లెలి చదువు అట్లాగే ఆగిపోయింది. అందుకే విసుక్కోకుండా మరో డబ్బా తెరిచాడు.

అతనికి వింతగా తోచిందల్లా తల్లి తీరు. ఏ జత తీసినా ముందు తనే తొడుక్కుంటోంది. బిడ్డను కూచోబెట్టి కొలత తీయబోతే అడ్డుకుంది.

"ఇద్దరియి ఒక్కతీరు పాదాలే తమ్మీ. దానికి నా పోలికే వచ్చింది. నాకు సరిపోతే చాలు."

తన కాలికి నచ్చితే గాని కొనేలా లేదు మనిషి.

ఆడవాళ్ల మోడళ్లన్నీ ముందు భాగం సన్నంగా ఉన్నాయి. విజేందర్ ఒక బూటు లోపలి మెత్తటి అట్టను బయటికి తీసి నేలమీద పరిచి, దానిమీద నిలబడమన్నాడు. నాగులమ్మ పాదం రెండు పక్కలా బయటికి వచ్చింది. ఏళ్ల తరబడి బురదలో నాట్లు వేసిన పాదం అది. తోలు బూటు చూపిస్తే గాలి ఆడదంది. పోయినసారి నూలు సాక్సు చెమటకు తడిసి ముద్దయిందని, బొబ్బలకు అదే మూలమని కోమల చెప్పింది. చివరికి మగవాళ్ల బూట్లలో ఒక జత దొరికింది. ముందు వెడల్పు, పైన గాలి ఆడే జాలిగుడ్డ. చెమట తొందరగా ఆరే పలుచటి సాక్సు కూడా తీసి ఇచ్చాడు.

నాగులమ్మ దుకాణం ముందు రోడ్డు మీద అటూ ఇటూ నడిచి చూసింది. వేళ్లు కదులుతున్నాయి, మడమ జారడం లేదు. అయినా కొనలేదు.

"పొద్దుగూకినంక మల్ల వస్తం. నాటేసి వచ్చేసరికి కాళ్లు ఉబ్బుతయి. అప్పుడు గూడ ఒత్తకపోతేనే తీసుకుంటం."

అన్నట్టే సాయంత్రం వచ్చి, మళ్లీ నడిచి చూసి, అప్పుడు కొన్నారు. మగవాళ్ల బూట్లని ఊళ్లో నవ్వుతారేమోనని విజేందర్ కాస్త జంకుతూనే అన్నాడు. నాగులమ్మ తలెత్తి చూసింది.

"నవ్వేటోళ్లు ఎప్పుడో నవ్విండ్రు తమ్మీ. వాళ్లకు భయపడితే రాతపరీక్ష గూడ అయ్యేది గాదు."

ఆ తర్వాత తెల్లవారగట్ల సాగర్ కాలువ అవతలి గట్టు మీద రెండు ఆకారాలు నడుస్తుండటం విజేందర్ చాలాసార్లు చూశాడు. మసక చీకట్లో పోల్చుకోవడం కష్టమే గాని, తల్లి ముందు, ఫోన్‌లో టైం చూసుకుంటూ బిడ్డ వెనక. తుంపర పడ్డ రోజు కూడా ఆగలేదు. బిడ్డకు కొలువు రావాలని తల్లి తన ప్రాణం పెడుతోందని భార్య ఉమారాణికి చెప్పాడు. ఆమె కూడా నిజమేనంది.

పరీక్ష నాడు అతని మనసు బేరాల మీద నిలవలేదు. ఏమైందో చెప్పేవాళ్లు లేరు. రోజులు గడిచాయి, వానలు వెనకబట్టాయి, అతనూ ఆ సంగతి మరిచిపోతూ వచ్చాడు.

ఒక పొద్దున అటవీశాఖ జీపు వచ్చి దుకాణం ముందు ఆగింది. మిఠాయి డబ్బాతో కోమల మెట్లెక్కి వస్తుంటే విజేందర్ గల్లా దగ్గరి నుంచి లేచి ఎదురెళ్లాడు. తోబుట్టువు గెలిచినంత సంబరం కలిగింది అతనికి.

"డ్యూటీ ఏ అడవిల పడ్డది చెల్లె?"

కోమల నవ్వుతూ పక్కకు జరిగి, వెనక జీపు దిగి వస్తున్న తల్లిని చూపించింది.

ఖాకీ బట్టలు వేసుకున్నది నాగులమ్మ.