వజ్రకాయుడి అరచేతిలో వడియాలు

యుద్ధం తాత్కాలికంగా ఆగి ఉన్న ఆ కాలంలో ఊరూరా ఒక మహాయంత్రభటుడు కావలి ఉండేవాడు. తాటిచెట్టుకు మూడింతలుండే వజ్రకాయుడు వీధి చివర చేయి చాచి కూర్చునేవాడు. భ్రమరాంబ గారు మడి కట్టుకుని, అతడి ఉక్కు అరచేతిలోనే గుమ్మడి వడియాలు పెట్టుకునేవారు.

ఒకనాడు దళపతి పరుగున వచ్చాడు. "లే, వజ్రకాయా! ఏటి అవతల శత్రుయంత్రం కదలబోతోంది."

"లేవలేనండీ. పిన్నిగారి వడియాలింకా పచ్చిగా ఉన్నాయి. మడితో పెట్టినవి ఆరేదాకా కదపకూడదని ఆవిడే నేర్పారు."

"మీరైనా తీసేయండమ్మా!"

"ఎండతో చెప్పు నాయనా, నాతో చెబితే ఏం లాభం?" అన్నారావిడ. ఆవిడ దిగులు వేరు. కిందటిసారి వెళ్ళిన యంత్రభటుడు ముక్కలై తిరిగొచ్చాడు. ఈ అమాయకుడికీ అదే గతి పడుతుందేమో!

ఇంతలో దళపతి చెవిలో వార్త మోగింది. అవతలి యంత్రమూ లేవడం లేదట. దాని వీపు మీద ఎవరో అప్పడాలు ఆరబెట్టారట.

"ఇవెప్పటికి ఆరతాయమ్మా?" అని దళపతి నీరసంగా అడిగాడు.

భ్రమరాంబ గారు నిచ్చెనెక్కి, ఎండి గలగలలాడుతున్న వడియాల మీద చెంబెడు నీళ్ళు చిలకరించారు.

"ఏం చెప్పను నాయనా! ఈ ఏడు ఎండలు బొత్తిగా లేవు."