రుచి చూడని చెయ్యి

మామిడికాయ పప్పు ఒక ముద్ద తిని అనిల్‌కుమార్ పళ్లెం పక్కకు జరిపాడు.

"రావుగారూ, ఇది పప్పా, సముద్రమా?"

ఖమ్మం ఖానాపురం హవేలిలో వెంకటరామారావు మెస్సుకు మధ్యాహ్నం నలభై మంది దాకా వస్తారు. ఆ రోజు సగం మంది పప్పు వదిలేసి లేచారు.

రావు వంటమనిషి యశోదను బయటికి పిలిచాడు. అందరి ముందూ గరిటెడు పప్పు గిన్నెలో వేసి ఆమె ముందు పెట్టాడు. తినమన్నాడు.

ఆమె ముట్టలేదు.

"మామిడి పండుగ కాలేదు సార్. మా ఊళ్ళె పండుగ చేసేదాక కొత్తకాయ నోట్లె పెట్టం."

"మరి ఉప్పెట్లా చూశావు?"

"వాసనకు తెలుస్తది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు తన మీద పడ్డట్టనిపించింది రావుకు.

"వండినోళ్ళు తినని కూర వచ్చినోళ్ళెందుకు తినాలి? నువ్వింక వెళ్ళిపో."

ఆమె చేతులు కడుక్కుంది. సంచి తీసుకుంది. మెట్ల దగ్గర ఆగి ఒక్క మాట అడిగింది.

"సాయంత్రం దాక ఉండనా సార్? టీవీ చూసి పోత."

"ఇదేమన్నా సినిమా హాలా?"

ఆమె మెట్లు దిగింది.

మూడేళ్ళు వండింది ఆ మెస్సులో. ఏ ఊరని ఎవరూ అడగలేదు. అందరికీ ఆమె ఏజెన్సీ ఆమె, అంతే. రెండు నెలలుగా సాయంత్రం ఏడయ్యేసరికి వంటగది తలుపు దగ్గరికొచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, టీవీలో వంటల పోటీ అయ్యేదాకా నిలబడేది. పని ఎగ్గొట్టడానికి అదొక సాకు అనుకునేవాడు రావు.

సాయంత్రం ఏడయింది. మామూలుగా వచ్చే నలుగురైదుగురూ వచ్చారు. టీవీలో పోటీ మొదలైంది.

ఆ పోటీలో భద్రాచలం అవతలి పిల్ల ఒకతె ఉంది, నాగలత అని. ఆ పిల్లను జాలి ఓట్లు నెట్టుకొస్తున్నాయన్నది అనిల్‌కుమార్ రోజూ అనే మాటే. అడవి పిల్ల, అడవి ఆకులు, చూసేవాళ్ళకు వింత, అందులో వంటేముంది అనేవాడు. ఒకటి రెండుసార్లు వంటగది వైపు తిరిగి నువ్వేమంటవని యశోదను కూడా అడిగాడు. ఆమె టీవీ మీంచి చూపు తిప్పేది కాదు.

ఆ రోజు జడ్జీలు అందరికీ పచ్చిమామిడికాయలు ఇచ్చారు.

నాగలత పప్పు చేసింది. ముగ్గురు జడ్జీలూ తిన్నారు. ముగ్గురూ ఉప్పు, పులుపు సరిగ్గా కుదిరాయన్నారు. తర్వాత పెద్ద జడ్జి, వడ్డించే ముందు రుచి చూడలేదేమని అడిగాడు. చూడాలన్నది పోటీలో రూలు.

"పండుగ కాలేదు సార్," అంది పిల్ల.

రావు చేతిలో రిమోట్ ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

పది మార్కులు కోశారు. నాగలత పోటీ నుంచి పోయింది.

మెస్సులో వాదన మొదలైంది. రూలంటే రూలే, పండుగలన్నీ లెక్కలోకి తీసుకుంటే పోటీ ఎక్కడ జరుగుతుందన్నాడు అనిల్‌కుమార్. రుచి బాగుందని వాళ్ళే చెప్పి, వాళ్ళే బయటికి పంపడమేం న్యాయమన్నాడు షేర్ ఆటో నడిపే హమీద్. తిండిని చూసి మార్కులెయ్యాలి గాని నోటిని చూసి కాదన్నాడు.

"మా ఇంట్ల బేగం రంజాన్‌ల రోజా ఉండి ముప్పై దినాలు వండుతది. చుక్క గూడ నాలిక మీద పెట్టది. ఎన్నడన్న ఉప్పు తప్పిందా? చెయ్యికే తెలుస్తది భాయ్."

"మరి మధ్యాహ్నం ఇక్కడ తప్పలేదా?" అన్నాడు అనిల్‌కుమార్.

పొయ్యి దగ్గర నుంచి రావు భార్య సీతారావమ్మ అంది, పళ్లేలు తుడుస్తూనే.

"ఆమె తప్పు కాదు. రుచి చూడలేదు గదా, ఉప్పెయ్యడం మర్చిపోయిందేమో అనుకుని గుప్పెడు నేనే వేశాను."

రావు ఆమె వైపు చూశాడు.

"అప్పుడే చెప్పొచ్చు గదా."

"అందరి ముందూ అరుస్తున్నారు. ఏం చెప్పను?"

రావు రిమోట్ పక్కన పెట్టాడు. యశోద ఎటు పోయిందో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. బస్టాండు దగ్గర దింపింది తానేనన్నాడు హమీద్. భద్రాచలం బస్సు ఎక్కిందట. ఏ ఊరని అడిగాడు రావు.

"నేను అడగలే. మూడేండ్లసంది నువ్వు అడగలేదా రావుసాబ్?"

యాడ్స్ అయిపోయాయి. టీవీలో నాగలత ఏప్రన్ విప్పి మడత పెడుతోంది. ఏడవడం లేదు. యాంకరమ్మ మైకు పెట్టి, రుచి చూడకుండా వండడం ఎవరు నేర్పారని అడిగింది.

"మా అమ్మ. వాసన చూసి ఉప్పు చెప్తది."

అమ్మ ఈ ప్రోగ్రాం చూస్తుంటుందా అని అడిగింది యాంకరమ్మ.

నాగలత మొదటిసారి నవ్వింది.

"మా ఊళ్ళె టీవీ లేదు. అమ్మ ఖమ్మంల రావు సార్ మెస్సుల వంట చేస్తది. అక్కడోళ్ళంత మంచోళ్ళంట, దినాం నా గురించే మాట్లాడుకుంటరంట, నాకే ఓటేస్తరంట. గిప్పుడు గూడ వంటగది తలుపుకాడ నిలబడి నన్నే చూస్తుంటది."